డుంగల్ రాజు వాకిట్లో ఉపవాసం

"దొరా, కొంప మునిగింది! ముని వచ్చి మన వాకిట్లో కూర్చున్నాడు. పంది మాంసం పెడితే ముట్టడు, పాలిస్తే పట్టడు. ఉపవాసమట!"

కాపలాదారు ఎర్క్ ఈ కబురు తెచ్చేసరికి, డుంగల్ రాజు నోటిదాకా వెళ్తున్న బార్లీ రొట్టె దారిలోనే ఆగిపోయింది. ఆ సీమ ఆచారం ప్రకారం నష్టపోయినవాడు నష్టపెట్టినవాడి గుమ్మంలో పస్తు కూర్చుంటే, లోపలివాడూ పస్తుండాలి, తగవు తీర్చాలి. కాదని ఒక్క ముద్ద మింగితే పరువునీ మింగినట్టే. రాజయినా సరే, ఇక అతని మాట ఏ సభలోనూ చెల్లదు. అసలే ఆ పూట పొరుగు రాజులు విందుకొచ్చి కూర్చున్నారు.

డుంగల్ తలుపు సందులోంచి చూశాడు. మఠం పెద్ద బేకాన్ రాతిగట్టు మీద కూర్చుని, సముద్రం కేసి చూస్తూ కీర్తన గొణుక్కుంటున్నాడు.

"కోపంగా ఉన్నాడు," అన్నాడు రాజు.

"నవ్వుతున్నాడు కదా," అంది రాణి లాసర్.

"అదే నా భయం. మునులు శపించేముందు నవ్వుతారు."

"ఇంతకీ ఏం వెలగబెట్టారు రాజావారు?"

"నేనా? ఏమీ చెయ్యలా!"

"ఏమీ చెయ్యనివాడికి ఇన్ని చెమటలెందుకో!"

లోపల కాగులో మాంసం కుతకుత, రాజుగారి కడుపులో కరకర. అతిథులకు విందు తినడానికి, ఆయనకు మాత్రం వినడానికే. పొద్దు వాలేవేళకు ఆకలే ఆయన్ని వాకిలిదాకా నడిపించింది.

"అయ్యగారూ, ఎద్దు నా దగ్గరే ఉంది!" అంటూ మోకాళ్ళ మీద పడ్డాడు.

బేకాన్ కీర్తన ఆపాడు. "ఏ ఎద్దు నాయనా?"

"మీ ఎర్రచెవుల ఎద్దు. చలికాలంలో వచ్చి నా మందలో కలిసింది. 'దొరికింది దొరదే' అన్నాడు మా పసులకాపరి. దొరని నేనే కదా, నోరు మూసుకున్నాను."

"అదా! బురదగుంటలో దిగబడి చచ్చిందనుకున్నామయ్యా! దాని ఆత్మకు ప్రార్థన కూడా చేశాం. దున్నడానికి ఎద్దు లేక మేమే భుజాన కాడి వేసుకున్నాం."

రాజు తల ఎత్తలేకపోయాడు. "మరి ఎద్దు సంగతి తెలియకపోతే నా మీద ఈ ఉపవాసమెందుకు?"

"నీ మీదా? బుధవారం నాయనా! మా మఠంలో వారానికి తొలి ఉపవాసం ఇవాళే కదా? సముద్రం పోటు మీదికి వస్తేగాని నేనెక్కాల్సిన పడవ కదలదు. గట్టు చల్లగా ఉందని కూర్చున్నా."

బుధవారమన్న సంగతి డుంగల్ బుద్ధికి తట్టనేలేదు.

వెనకాలే వచ్చిన లాసర్ గొంతు తగ్గించింది. "అయ్యగారు పడవ కోసం ఆగారని చెబుదాం. ఎద్దు ఊసు లోపలెవరికీ తెలీదు."

"వాళ్ళు భుజాన కాడి మోశారే!" అన్నాడు డుంగల్. అయ్యగారి చెయ్యి పట్టుకుని నేరుగా సభలోకి నడిచాడు.

"అందరూ వినండి. నేను మధ్యాహ్నం నుంచీ ఎందుకు తినలేదని గుసగుసలాడుతున్నారు కదా? అయ్యగారు నా గుమ్మంలో పస్తు కూర్చున్నారనుకున్నాను. ఆయన చేసింది బుధవారం ఉపవాసం. ఆయన ఎద్దును దాచుకున్నవాణ్ణి గనక నేనే భయపడి చచ్చాను. రేపు ఆ ఎద్దూ, దాంతోపాటు ఓ పాడి ఆవూ మఠానికి వెళ్తాయి."

పొరుగు రాజుల్లో పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నీ మాట నమ్ముతాం డుంగల్. ఇవాళ ఏ వారమో మాత్రం నిన్నడగం!"