సెకనూ ముప్పావు

ఆదివారం మధ్యాహ్నం ఫిజిక్స్ పేపర్లు దిద్దుతున్నాను. విద్యుత్ క్షేత్రంలో ఒక ఆవేశాన్ని ఈ బిందువు నుంచి ఆ బిందువుకు తిన్నగా తీసుకెళ్లినా, చుట్టూ తిప్పి తీసుకెళ్లినా జరిగే పని ఒకటే. ఏడాదంతా గొంతు చించుకుని చెప్పాను. సగంమంది చుట్టుదారికి పని ఎక్కువవుతుందని రాశారు. ఒళ్లు మండిపోతోంది.

అప్పుడే తమ్ముడు వచ్చి ఆ పేపర్ల మీద ఒక కాగితం పెట్టాడు. కొత్తగా కట్టే భవనాలకు కిటికీలు బిగించడం వాడి పని. గురువారం ఐదో అంతస్తులో వాడి చేతిలోంచి సుత్తి జారి, కిందున్న తాపీమేస్త్రి భుజం మీద పడింది. రేపు విచారణ; అక్కడ ఇవ్వాల్సిన వాంగ్మూలమే ఆ కాగితం.

"తప్పులేమైనా ఉన్నాయేమో చూడక్కా."

'జరగండి అని మూడుసార్లు అరిచాను. మేస్త్రి వినిపించుకోలేదు' అని ఉంది అందులో.

"ఎంత ఎత్తు నుంచి పడింది?"

"పదిహేను మీటర్లు ఉంటుంది."

నోటిలెక్కే. గురుత్వ త్వరణం తొమ్మిది పాయింట్ ఎనిమిది. సుత్తి కిందికి చేరడానికి సెకనూ ముప్పావు పడుతుంది. ల్యాబ్‌లోని స్టాప్‌వాచ్ నా సంచిలోనే ఉంది, తీశాను.

"ఏదీ, మూడుసార్లు అరిచి చూపించు."

"ఇప్పుడా? పక్కింటివాళ్లు ఏమనుకుంటారు?"

"అరవరా!"

అరిచాడు. రెండో అరుపు సగంలో ఉండగానే వాచ్ నొక్కి చూపించాను.

"ఇక్కడికే సుత్తి పడిపోయింది. మిగతాది ఎవరికోసం అరిచావు?"

వాడు కుర్చీలో కూలబడ్డాడు. "ఒక్కసారి కూడా అరవలేదక్కా. నోరు పెగల్లేదు. ఆ మాట చెబితే నా పని పోతుంది. అయినా ఆయన చెయ్యి ఇక పైకి లేవదన్నారు డాక్టర్లు. నేను ఎలా రాస్తే ఏంటి?"

జాలేసింది. కోపమూ వచ్చింది.

"ఎలా రాసినా ఆ చెయ్యి అంతే. కానీ నువ్వు ఇలా రాస్తే తప్పు కూడా ఆయన నెత్తినే పడుతుంది."

వాడు నా ఎర్రపెన్ను తీసుకుని ఆ రెండు వాక్యాలూ కొట్టేసి, 'నేను అరవలేదు' అని రాశాడు. సంతకం పెట్టి, తలెత్తకుండానే అడిగాడు.

"ఒక్కసారి అరిచి ఉంటే తప్పుకునేవాడా అక్కా?"

అరుపుకు ఒక సెకను. ఇంకో ముప్పావు సెకను మిగులుతుంది. భుజం తప్పించుకోవడానికి ఒక్క అడుగు చాలు. అర మార్కు కూడా ఊరికే వేయనిదాన్ని నేను.

"లేదురా. టైం చాలదు" అన్నాను.

వాడు నా వంక చూడలేదు. బల్ల మీది స్టాప్‌వాచ్ అందుకుని నొక్కి, 'జరగండి' అని మెల్లగా ఒక్కసారి అని, మళ్లీ నొక్కాడు. ఆ అంకెను చూస్తూ అలాగే కూర్చున్నాడు.