యంత్రం మీదికి నెట్టిన నేరం

అందరూ తీగలాయన అని పిలిచే ఈసీజీ టెక్నీషియన్ రబ్బరు బుడ్లను తడిగుడ్డతో తుడిచి, చొక్కా విప్పి, బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. ఆసుపత్రిలో ఈసీజీ గది తెరవగానే తీసే మొదటి కాగితం ఆయన గుండెదే. రోగులను పిలిచే ముందు యంత్రం సరిగ్గా నడుస్తోందో లేదో తన ఒంటి మీదే చూసుకోవడం ఇరవై రెండేళ్ల అలవాటు. చేతులకీ కాళ్లకీ క్లిప్పులు తగిలించుకుని, ఛాతీకి జెల్లీ రాసి ఆరు బుడ్లు అంటించుకుని, ఎడమ చెయ్యి చాపి మీట నొక్కుతాడు. వచ్చిన కాగితం ఒకసారి చూసి చెత్తబుట్టలో పడేస్తాడు. ఆయన దృష్టిలో తన గుండె కూడా దూదీ జెల్లీలాగా గదిలో ఒక సామాను.

ఆ రోజు కాగితం బాగా రాలేదు. సన్నగా లేచి పడే గీత, పడాల్సిన చోట పడకుండా గుట్టలా పైకే ఉండిపోయింది. ఇంకొకటి తీశాడు. మళ్లీ అదే గుట్ట. వేరొకరి కాగితం మీద అది కనిపిస్తే చెప్పులు కూడా వేసుకోకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాడు. అలా పరుగెత్తి కొందరిని బతికించాడు కూడా. ఇది మాత్రం తనది. పైగా యంత్రం పాతది, పోయిన నెలలో రెండుసార్లు మొరాయించింది.

"దీని దుంపతెగ, మళ్లీ చెడింది," అని మెకానిక్‌కి ఫోన్ చేసి, అతనికి చూపించడానికి ఆ రెండు కాగితాలూ బల్ల మీదే ఉంచాడు.

రాత్రి నుంచి రొమ్ము మధ్యలో ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుంది. పొద్దున గుమ్మం దాకా వచ్చి భార్య చెప్పనే చెప్పింది. "రాత్రంతా మీకు కునుకు లేదు. ఇవాళైనా డాక్టరుగారికి చూపించుకోండి."

"రోజూ ఆయన పక్కనే కదే నా ఉద్యోగం! చూపించుకుంటాలే."

తెర వెనక నిలబడి విన్న డాక్టరు మాటలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. వేలితో నొక్కితే నొప్పెడితే కండరమో, పక్కటెముకో. తిన్నాక మండితే పుల్లత్రేన్పుల బాధ. ఊపిరి పీల్చినప్పుడు పొడిస్తే ఊపిరితిత్తులు. ఉత్త భయం వల్ల కూడా రావచ్చు. వేలితో నొక్కి చూసుకున్నాడు, తేడా లేదు. గట్టిగా ఊపిరి పీల్చాడు, తేడా లేదు. గ్యాసు మందు రెండు మూతలు తాగాడు, తగ్గలేదు. ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే మిగిలేదేమిటో ఆయనకు తెలుసు. అందుకే గ్యాసు దగ్గరే ఆగిపోయాడు. వచ్చిన ప్రతివాడికీ ధైర్యం చెప్పిన మనిషి, పాపం, తన వంతు వచ్చేసరికి ఆ ధైర్యం తనకు చెప్పుకోలేకపోయాడు.

యంత్రం బాగులేదు కనక రోగులను పై అంతస్తులోని అత్యవసర విభాగానికి తనే నడిపించుకుపోయాడు. లిఫ్టు ముందు స్ట్రెచర్లు బారులు తీరి ఉన్నాయి. మూడోసారి ఒక ముసలమ్మ చెయ్యి పట్టుకుని మెట్లెక్కుతుంటే మధ్యలో ఆగవలసి వచ్చింది.

"నన్ను నువ్వు ఎక్కిస్తున్నావా నాయనా, నిన్ను నేను ఎక్కిస్తున్నానా?" అందామె.

ఆయన నవ్వాడు. "మీకేం కాదమ్మా. పదండి."

పైన ఆమె ఒంటికి బుడ్లు అంటించింది ఆయనే. కాగితం చక్కగా వచ్చింది. డాక్టరు ఆమె పొట్ట నొక్కి చూసి, నాలుగు ప్రశ్నలడిగి, గ్యాసేనని తేల్చాడు. మంచి యంత్రం, ఖాళీ అయిన మంచం, డాక్టరు, అన్నీ ఆయనకు చేతికందే దూరంలోనే ఉన్నాయి.

"ఏమయ్యా, అలా చెమటలు కక్కుతున్నావు?" అన్నాడు డాక్టరు, ఇంకో కాగితం అందుకుంటూ.

నిజం నోటిదాకా వచ్చింది. "మెట్లండీ," అన్నాడు.

డాక్టరు తల ఊపి తర్వాతి మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. తీగలాయన ఒక్క క్షణం ఆ ఖాళీ మంచం వైపు చూసి కిందికి దిగాడు.

మధ్యాహ్నానికి మెకానిక్ వచ్చాడు. తీగలాయన తాళంచెవి ఇచ్చి, బయట బెంచీ చివర, రోగులు కూర్చునే చోట, గోడకు తల ఆనించి కూర్చున్నాడు. లోపల మెకానిక్ తీగలన్నీ విప్పి, బిగించి, చివరికి తన ఒంటికే తగిలించుకుని చూశాడు. గీత ఎక్కడా గుట్ట లేకుండా చక్కగా వచ్చింది. రసీదు నింపుతుండగా బల్ల మీదున్న పొద్దుటి కాగితాలు కంటబడ్డాయి. పదేళ్లుగా ఈ యంత్రాలతోనే బతుకుతున్నవాడు, ఆ మాత్రం తెలుసు. రసీదుతో సహా అన్నీ పట్టుకుని గబగబా బయటికొచ్చాడు.

"బాబాయ్, మిషను భేషుగ్గా ఉంది. పొద్దున ఎవరికి తీశావు ఇవి? ముందు ఆ మనిషిని పట్టుకో!"

తీగలాయన పలకలేదు. మెకానిక్ భుజం తట్టాడు. గోడకు ఆనిన తల మెల్లగా పక్కకు ఒరిగింది.

ఆ తర్వాత కేకలు, పరుగులు, స్ట్రెచరు. డాక్టరు మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగివచ్చాడు. అరగంట పాటు ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కీ నొక్కీ, చేతులు తీసేసి, ఇంటికి కబురు చెయ్యమన్నాడు.

జనం కదిలాక బెంచీ ఖాళీ అయింది. మెకానిక్ పారేసుకున్న రసీదు దాని కిందే పడి ఉంది. లోపం అన్నచోట "ఏమీ లేదు" అని రాసి ఉంది. గది బాధ్యుడి సంతకానికి వదిలిన గీత మీద ఏమీ లేదు.