తొవ్వ సద్ది

కోచింగ్ సెంటర్ మాక్ టెస్టులో ఆ ప్రశ్న చూసిన రోజే నవనీత పగకు ఒక పేరు దొరికింది. "ఈ పాదాలున్న 'దారి బత్తెం' దీర్ఘకవితను రాసినదెవరు?" అని అడిగి, పైన రెండు పాదాలు ఇచ్చారు. "వాకిలి దాటావు, వెనక్కి చూడకు. సద్ది కట్టాము, ఆకలని ఆగకు." అవి వాళ్లమ్మ దుర్గమ్మ పాడిన పాదాలు. కాస్త ఇస్త్రీ చేశారు, అంతే. సరైన జవాబు సుందరరావు అని క్లాసంతటికీ తెలుసు, అవార్డు వచ్చిన పుస్తకం కదా. నవనీత కూడా ఆ పేరు పక్కనే గుండ్రం నింపింది. మార్కు వదులుకునే స్తోమత ఆమెకు లేదు. తర్వాత అశోక్ నగర్ హాస్టల్ బాత్రూంలో కుళాయి తిప్పి పెట్టి, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చింది.

వాళ్లది పాటగాళ్ల ఇల్లు. ఊళ్లో ఎవరు పోయినా పాడె లేచే ముందు దుర్గమ్మ వచ్చి తొవ్వ సద్ది, అంటే పోయేవాళ్లకు దారిలో తినను కట్టిచ్చే మూటలాంటి పాట, పాడాలి. ఉన్నవాళ్లా లేనివాళ్లా అని చూసేది కాదు. తలస్నానం చేసి, పస్తుండి, శవం కాళ్ల దగ్గర కూర్చుని పాడేది. అది ఆమెకు పూజ, ఊరికి ధైర్యం. పోయినవాళ్ల పేరు పాట మధ్యలో తీస్తే గానీ ఆ పాట వాళ్లకు చేరదు. ఎదుట శవం లేకుండా, ఎవరి పేరూ తీయకుండా ఉత్తగా పాడితే, అది పేరు వెతుక్కుంటూ పాడినవాళ్ల గడపకే వస్తుందని వాళ్ల నమ్మకం.

నవనీత చిన్నప్పుడు సుందరరావు రికార్డరు పట్టుకుని ఆ ఊరు వచ్చాడు. నారాయణగూడలో ఒక కాలేజీలో తెలుగు లెక్చరరు, కాపురం చిక్కడపల్లి. దుర్గమ్మ పాడనంది, ఎందుకో కూడా చెప్పింది. "అవన్నీ పాతకాలం భయాలమ్మా. నీ పేరు మీదే పుస్తకం వేయిస్తాను, వెయ్యేళ్లు నిలుస్తుంది" అని నవ్వాడతను. ఇంటికొచ్చిన మనిషి అంతగా బతిమాలుతున్నాడు కదా అని ఆమె భర్త కనకయ్య కూడా పాడమని చెప్పాడు. దుర్గమ్మ పేరుచోట ఖాళీ వదిలి పాడింది. ఆ వానాకాలం దాటకముందే కనకయ్య బావి మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. మొగుడి కాళ్ల దగ్గర కూర్చున్న దుర్గమ్మకు నోరు పెగల్లేదు. ఆ రోజు మూతబడిన పాట మళ్లీ రాలేదు. ఇప్పుడు ఆ ఊళ్లో పీనుగులు డీజే పెట్టుకుని పోతున్నాయి.

తప్పు కరెంటుదా, పాటదా అని పట్నం తెలివి అడుగుతుంది. అడగనీ. ఒక ఆడమనిషికి తన నోరంటే తనకే భయం పుట్టించినవాడు, ఆ నోట్లో పాటనే తన పేరున అచ్చేసుకుని శాలువాలు కప్పించుకుంటుంటే, దానికి ఆ తెలివి ఏం జవాబు చెబుతుంది?

నవనీత తొందరపడలేదు. ఏడాదిపాటు ప్రతి ఆదివారం చిక్కడపల్లిలో సుందరరావు ఇంట్లో జరిగే కవిత్వ సాధనకు వెళ్లింది. అక్కడ దీపం వెలిగించి, కళ్లు మూసుకుని, మౌనంగా కూర్చున్నాకే ఎవరైనా కవిత చదవాలి. "కవిత్వం ఉపాసనమ్మా. అహం చచ్చాకే అక్షరం పుడుతుంది" అనేవాడతను. చెప్పేవి శ్రీరంగనీతులు. అందరూ దేవుణ్ణి తలుచుకునే ఆ మౌనంలో నవనీత తన తండ్రిని తలుచుకుంది. సుందరరావు ఇచ్చిన టీ తాగింది, అతని కవితలకు వహ్వా అంది. "నీ గొంతులో మట్టి వాసన ఉందమ్మా" అని అతను మురిసిపోతే తల దించుకుంది. ఎవరి మట్టో అతను ఏనాడూ అడగలేదు.

అందుకే అతని సన్మాన సభకు 'దారి బత్తెం' ఎవరు పాడాలన్న మాట వచ్చినప్పుడు, "మన నవనీతే పాడాలి" అన్నది స్వయంగా అతనే.

చిక్కడపల్లిలో హాలు నిండిపోయింది. సుందరరావు శిష్యురాలు వందన మైకు పట్టుకుని ఒక్కొక్కరినీ పిలుస్తోంది. వేదిక మధ్య కుర్చీలో అతను. మెడ నిండా దండలు, ఒంటి నిండా శాలువా, కాళ్ల దగ్గర కుప్పపోసిన పూలు. పాడె తప్ప ఇంకేం తక్కువైందని నవనీత మనసులో అనుకుంది. పొద్దుటి నుంచి ఆమె పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. తడి ఆరని జుట్టుతో వచ్చి, మైకు అందుకుని, అతని కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. గురుభక్తి అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

అచ్చులో ఉన్నట్టు కాకుండా అమ్మ పాడినట్టే ఎత్తుకుంది. పుస్తకంలో పేరుచోట "ఓ బాటసారీ" అని ఉంటుంది. అక్కడికి రాగానే ఆగి, తలెత్తి అతని కళ్లలోకి చూసింది.

"సీతాపతి కొడుకా, సుందరరావా,
వాకిలి దాటినవు, ఎనకకు సూడకు.
సద్ది గట్టినం, ఆకలని ఆగకు.
ఈడ నీకింక పని లేదు, పోయిరా."

సీతాపతి అతని తండ్రి. పుస్తకం అంకితమిచ్చింది ఆయనకే. గురువుగారిని తండ్రి పేరుతో సహా పాటలో ఎంత చక్కగా కలిపిందో అని వందన కళ్లు తుడుచుకుంది. హాలు హాలంతా లేచి నిలబడింది. పాట ఎవరికి చేరిందో తెలిసినవాడు అక్కడ ఒక్కడే. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

సభ ముగిశాక మెట్ల దగ్గర అతను నవనీతను ఆపాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"దుర్గమ్మ బిడ్డను సార్. కరెంటు కొట్టి సచ్చిపోయిన కనకయ్య బిడ్డను."

"దీనికేదో విరుగుడు ఉంటుంది కదమ్మా? తీసిన పేరు వెనక్కి తీసుకోవడం..."

పాతకాలం భయాలని నవ్విన నోరే ఇది. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు.

"నన్నడుగుతరేంది సార్? పాట మీది గద. రాసినోళ్లకే తెల్వాలె."

"అది... నేను రాయలేదమ్మా" అన్నాడు గుసగుసగా.

"జర గట్టిగ అనుండ్రి. వందనక్క ఇనాలె."

రెండు మెట్ల పైన వందన పూలగుత్తులు, జ్ఞాపిక పట్టుకుని నిలబడి ఉంది. సుందరరావు ఆమె వైపు చూశాడు, జ్ఞాపిక వైపు చూశాడు. నోరు తెరిచాడు. ఆ నోరు అలాగే తెరుచుకుని ఉండిపోవడం చూసి నవనీతకు కడుపు చల్లబడింది. జాలి కలుగుతుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకుంది కూడా. కలగలేదు.

అశోక్ నగర్ దారిలో నడుస్తుంటే మాత్రం భయం మొదలైంది. శవం లేకుండా పాడింది. అమ్మకు తెలిస్తే ఏమైపోతుందో. దాచిపెట్టడం చేతకాక ఫోన్ చేసింది.

"అమ్మా, తొవ్వ సద్ది పాడిన."

"ఎవల పేరు తీసినవే?"

"ఆ చిక్కడపల్లి సారుది."

"సచ్చిండా?"

"లే. కుర్సీల కూసున్నడు."

తిట్లు పడతాయని నవనీత ఫోన్ గట్టిగా పట్టుకుంది.

"తండ్రి పేరు తీసినవా?" అంది దుర్గమ్మ.

"తీసిన. సీతాపతి."

"తల్లి పేరు?"

"దొర్కలేదమ్మా. పుస్తకంల తండ్రి పేరొక్కటే రాసుకుండు."

"గట్లయితే సగమే అయింది. తల్లి పేరు తీయకుంటే ముట్టదు." దుర్గమ్మ గొంతు సవరించుకుంది. పాట ఎత్తుకునే ముందు చేసే ఆ సవరింపు నవనీత విని ఎన్నేళ్లయిందో. "కనుక్కొని చెప్పు బిడ్డా. మిగిలిన సగం నేను పాడుత."