ఎనిమిదివేల నూటతొంబదియొకటి

జలదపటలవినిర్ముక్తంబై నిర్మలనీలిమంబున నొప్పు శరత్కాలగగనంబునఁ బ్రాచీదిశాసుందరి కుంకుమరాగంబు దాల్ప వికసితకాశకుసుమధవళంబులగు తుంగభద్రాసైకతంబులు బంగారుచాయలం దేలుచుండ నానదీతీరరాజనగరంబున నాస్థానగణకుండగు విద్దణాచార్యుని యింట నొక్క యిల్లాలు మాత్ర మాశోభ నించుకయుఁ గనక తాను వ్రాసిన యంకెలనే చూచుచుఁ గూర్చుండియుండెను. ఆమె యాచార్యునికిఁ గోడలును శిష్యురాలును నగు కుందాంబ.

అభాజ్యసంఖ్యలన నాచార్యునకుఁ బ్రాణము. ఒకటిచేతను దమచేతను దక్క మఱి దేనిచేతను శేషము లేక భాగింపఁబడని యాసంఖ్యల సొంపు దలఁచికొని యన్నము సయితము మఱచు నమ్మహానుభావుఁడు రెంటిని రెండుమార్లు మూఁడుమార్లు నైదుమార్లు నేడుమార్లు వేసి హెచ్చించి యొక్కొకటి తీసివేయ మూఁడును నేడును ముప్పదియొకటియు నూటయిరువదియేడును వచ్చుటయు నన్నియు నభాజ్యంబు లగుటయుఁ గని యభాజ్యసంఖ్య యెంతయో యన్నిమార్లు రెంటిని హెచ్చించి యొకటి తీసిన నెల్లప్పుడు నభాజ్యమే వచ్చునని సూత్రము చేసెను. రాజు మురిసిపోయి దాని నాఁడే సభామంటపశిలపై నాచార్యుని పేరితోఁ జెక్కింప నాజ్ఞాపించెను. శిల్పి పోలోజు ఉలి నూఱుకొని సిద్ధముగా నుండెను.

ఇంతలోఁ గుందాంబ యూరకుండక పదునొకండుమార్లు హెచ్చించి యొకటి తీసి చూచినది కదా! రెండువేల నలువదియేడు వచ్చెను. దాని నిరువదిమూఁటిచే భాగింప నెనుబదితొమ్మిది వచ్చి శేష మేమియు మిగులలేదు. అక్కటా! చెప్పిన మామగారి మనసు విఱుగును. చెప్పకున్నఁ దప్పు ఱాతిపై శాశ్వతముగా నిలుచును. తుదకు గుండె దిటవు చేసికొని యామె యాయన యెదుట నిలిచెను.

"మామా! కోపింపకుఁడు. పదునొకంటికడ మన సూత్రము తప్పినది."

ఆచార్యుఁడు తానును భాగించి చూచి మొగము వెలవెలఁబోవ నారెండుసంఖ్యలను మరల మరలఁ బరికించి యకస్మాత్తుగా నెగిరి లేచెను.

"ఔరా! చూచితివా తల్లీ? ఇరువదిమూఁటిలోను నెనుబదితొమ్మిదిలోను నొక్కొకటి తీసిన మిగులునవి రెండును బదునొకంటి రెట్టింపుచే భాగింపఁబడుచున్నవి! ఈలెక్కనే పదుమూఁటికడ వచ్చు నెనిమిదివేల నూటతొంబదియొకటికి నొకటి తీసిన నిరువదియాఱుచే భాగింపఁబడు నేఁబదిమూఁటిని డెబ్బదితొమ్మిదిని వేసి చూచినఁ జాలును."

"అయినచో నారెంటినే వేయుదునా?"

"ఒకమారు తొందరపడి నవ్వులపాలు కాఁబోతిమి, చాలదా? తొంబదియొకటిని దానిచేతనే హెచ్చించిన నీసంఖ్యను మించును గావునఁ దొంబదిలోపలి యభాజ్యముల నన్నింటిని వేయుము!"

ఏమి చెప్పుదు నాసంఖ్య ఠీవి! మూఁడు నైదు నేడు పదుమూఁడు నొక్కొకటి మిగిల్చి మరలిపోయెను. ఏఁబదిమూఁడును డెబ్బదితొమ్మిదియు నోడెను. కడపట వచ్చిన యెనుబదితొమ్మిది సయితము మూఁటిని మిగిల్చి తప్పుకొనెను. మామాకోడండ్రు చిన్నపిల్లలవలె నవ్వుకొనిరి.

సభలో నాచార్యుఁడు చేతులు జోడించి "మహారాజా! నాసూత్రము తప్పు. పట్టినది నాకోడలు" అని విన్నవింపఁ గొందఱు ముసిముసినవ్వులు నవ్విరి. కుందాంబకుఁ దల కొట్టివేసినట్లయ్యెను. రాజు "మఱి యీఱాతిపై నేమి చెక్కింతము?" అని యడిగెను.

ఆచార్యుఁడు శిల్పివంకఁ దిరిగి యిట్లు చెప్పెను: "రెండువేల నలువదియేడు విఱిగెనని కుందాంబ కనుఁగొనెను. ఎనిమిదివేల నూటతొంబదియొకటి విఱుగలేదు. ఆపైఁ గలవాని సంగతి మే మెఱుఁగము."

పోలోజు తెల్లఁబోయి "స్వామీ! ఎఱుఁగ మనుటయుఁ జెక్కవలయునా?" అనెను.

"దానినే మఱింత లోఁతుగాఁ జెక్కుము నాయనా!"