బొట్టు పెట్టించుకున్న కంప్యూటర్లు

తొంభై తొమ్మిదో సంవత్సరంలో మహబూబ్‌నగర్‌లోని ఒక పత్తి విత్తనాల కంపెనీ ఇంటర్నెట్‌లో తన పేరుమీద ఒక పేజీ పెట్టుకుంది. గోదాములో ఏ రకం విత్తనం ఎంత ఉందో ఆ పేజీ చెప్పేది. దాన్ని తెరిచి చూడగలిగినవాళ్లు జిల్లాలో పదిమంది ఉంటారో లేదో! అయినా యజమాని రఘుపతి తన గదికి వచ్చిన ప్రతి చుట్టాన్నీ కుర్చీలో కూర్చోబెట్టి, చాయ్ తాగించి మరీ చూపించేవాడు. దసరాకు వారం ఉందనగా బావమరిదికి చూపించబోతే, పేజీ పొడవునా పెద్ద పెద్ద అక్షరాలు కనిపించాయి. ఈ కంపెనీ విత్తనాలు మొలవవని ఎవడో రాసిపోయాడు.

రఘుపతి అరుపు గోదాము దాకా వినిపించింది. కంప్యూటర్ సెక్షన్‌ను పిలిపించాడు. సెక్షన్ అంటే పెద్దగా ఏమీ లేదు, వజీరా ఒక్కతే.

"బయటోడు జొరబడే సందులన్నీ దసరా లోపల మూయాలె. ఒక్క సందు గూడ లేదని రాసి సంతకం పెట్టాలె. లేకుంటే ఇంటర్నెట్ తీగ పీకేస్త, నీ సెక్షన్‌కు తాళమేస్త."

వజీరా వాళ్ల అబ్బా అహ్మద్ అలీ గడియారాలు బాగుచేస్తాడు. బిడ్డకు ఆఫీసులో కొలువు దొరికిందని వీధి వీధంతా చెప్పుకున్నాడు. అదొక్కటే కాదు, వజీరాకు ఆ పని ప్రాణం. తాళం మాట వినగానే పనిలోకి దిగింది.

లెక్కప్రకారం ఆఫీసులో కంప్యూటర్లు తొమ్మిది. లోపాలు బయటపడినప్పుడల్లా వాటిని సరిచేసే ప్రోగ్రాములను తయారీదారులు విడుదల చేస్తుంటారు. వజీరా వాటిని తెప్పించి, బయటి లైను తగిలిన మెషీన్లకు ముందు, మిగతావాటికి తర్వాత ఎక్కించింది. పాస్‌వర్డ్‌లన్నీ మార్చింది. సగం మంది పాస్‌వర్డ్‌గా కంపెనీ పేరే పెట్టుకుని హాయిగా ఉన్నారు మరి! పని అయిపోయిందనుకుని ఆ రోజు కడుపునిండా తిన్నది. మర్నాడు పొద్దున పేజీలో కొత్త అక్షరాలు: మొలవవని చెప్పాను గదా.

ఈసారి కుదురుగా కూర్చుని, వచ్చిపోయినవాళ్ల జాడలు వరుసగా చదివింది. దొంగ బయటినుంచి నేరుగా రాలేదు. ఆఫీసులోని ఒక మెషీన్‌లో ముందు దూరి, అక్కడినుంచి పేజీ ఉన్న మెషీన్‌కు వచ్చాడు. ఆ మెషీన్ ఆమె తొమ్మిదింటిలో లేదు. లెక్కకెక్కని పదోది ఎక్కడో ఉంది.

గది గదికీ వెళ్లి అడిగింది. "మా దగ్గర ఏం లేదు మేడమ్" అన్నారు అందరూ, తేలు కుట్టిన దొంగల్లా. వాళ్ల భయమూ నిజమే. కిందటేడు రిపేరుకని వజీరా మూడు పాత కంప్యూటర్లు తీసుకుపోతే, రఘుపతి వాటిని హైదరాబాద్ ఆఫీసుకు పంపించేశాడు. తప్పు ఆయనది, పేరు ఈమెది.

దసరా ముందురోజు ఆఫీసులో ఆయుధపూజ. ఊడ్చే సుక్కమ్మ ఏటా పసుపు కుంకుమల పళ్లెంతో తూకం కాంటాల నుంచి జీపు దాకా అన్నిటికీ బొట్లు పెడుతుంది. వరండాలో దిగులుగా నిలబడ్డ వజీరాకు సరుకు పంపే డిస్పాచ్ గదిలోంచి గుమాస్తా బీరప్ప గొంతు వినబడింది.

"సుక్కమ్మక్కా, గీ బీరువా ఎన్క ఇంకొకటున్నది. దాన్కి గూడ జర బొట్టు పెట్టవూ?"

వజీరాకు ఒక్కసారిగా ప్రాణం లేచివచ్చింది. కంప్యూటర్ సెక్షన్‌కు ఎన్ని అబద్ధాలైనా చెబుతారు గానీ, అన్నం పెట్టే మెషీన్‌ను దసరాకు బొట్టు లేకుండా ఉంచే మనిషి పాలమూరులో ఉంటాడా! పరుగున పోయి సుక్కమ్మ చేతిలోని బంతిపూల గంప అందుకుంది.

"పెద్దమ్మా, పూలు నేను పట్టుకుంట. నీ ఎన్కనే వస్త."

"రా బిడ్డా, నాకూ నడుం నొస్తాంది."

గుమ్మంలో ఆమెను చూసి బీరప్ప ముఖం మాడిపోయింది. "తీస్కపోను అన్నా, ఒట్టు. చిట్టీల రాసుకుంట, మంచిగ చేసి ఈడ్నే ఉంచుత" అంది వజీరా. ఆ మాట వాళ్లకంటే ముందే గదులన్నీ తిరిగొచ్చింది. బల్లకింద ఒకటి, పాత క్యాలెండర్ల వెనక రెండు బయటికొచ్చాయి. మధ్యాహ్నానికి లెక్క పదమూడు.

గోదాములో కాంటాకూ బండికీ బొట్లు పెట్టి వెనుదిరిగితే, గోదాము చూసే కాటమయ్య చెమటలు తుడుచుకుంటూ వెంటబడ్డాడు. "సుక్కమ్మా, ఇంకొకటి మిగిలింది."

బస్తాల చాటున ఎప్పుడో మూలకు పడేసిన కంప్యూటర్, దాని పక్కన టెలిఫోన్ తీగ తగిలించిన మోడెం ఎర్రదీపాలు మిణుకుమనిపిస్తూ కూర్చుంది.

"సొంతంగ బాగుచేపిచ్చుకున్న బిడ్డా. ఊర్లల్ల దుకాణపోళ్లు ఫోన్ లైన్ మీద దీన్ల చూసుకుంటరు, సరుకున్నదా లేదా అని. ఉత్తగ బస్సెక్కి రావుడెందుకు పాపం."

"పాస్‌వర్డ్ ఏం పెట్టినవ్ కాకా?"

"అదెందుకు? అందరు మనోళ్లే గదా!"

ఆ మనవాళ్ల దారిలోనే ఎవడో ఆఫీసు మెషీన్లలోకి దూరి, విత్తనాలు మొలవవని రాసిపోయాడు. వజీరాకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి, నవ్వే గెలిచింది. ఎవరు ఫోన్ చేసినా మెషీన్ ముందు ఫోన్ పెట్టేసి, తనకు తెలిసిన దుకాణాల నంబర్లకు మాత్రమే తిరిగి ఫోన్ చేసేలా అమర్చింది. పాస్‌వర్డ్ కూడా పెట్టించింది. సాయంత్రానికి పద్నాలుగూ సర్దుకున్నాయి.

రఘుపతి కాగితం సిద్ధంగా ఉంచాడు. "ఒక్క సందు కూడా లేదు" అని టైపు చేయించి ఉంది. వజీరా పెన్ను తీసింది. గీస్తే కొలువు నిలుస్తుంది. కానీ మొన్న తొమ్మిదే అనుకుని ఎంత ధీమాగా ఉందో గుర్తొచ్చి చెయ్యి ఆగింది.

"సార్, చూసిన పద్నాలుగింటికి పెడ్త. చూడనిదాన్కి పెట్టలేను. కొత్త లోపాలు బయటపడ్తనే ఉంటయి, నెలనెలా చూసుకోవాలె."

"అంటే ఇంకా ఉండొచ్చంటవా?"

"ఉండొచ్చు సార్." ఆమె మాట మార్చలేదు. ఇంటికెళ్లి అబ్బాకు ఏం చెప్పాలో అప్పుడే కూడబలుక్కుంటోంది.

రఘుపతి లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేశాడు. గొంతు తగ్గించాడు.

"మా ఇంట్ల ఒకటున్నది. పొద్దుగాల లేస్తనే పేజీ చూసుకుందామని ఆఫీసు లైన్‌కే కలిపిచ్చుకున్న. ఎవ్వరికీ చెప్పలే."

వజీరా ఆపుకోలేక నవ్వేసింది. నవ్వాక భయపడింది. అప్పటికే ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. కాగితం వెనక్కి లాక్కుని, టైపు చేసిన మాట కొట్టేసి, "ప్రతి నెలా వజీరా చూస్తుంది" అని చేత్తో రాసి, కింద తనే సంతకం పెట్టాడు.