వెంట్రుకలున్న పెంకుపురుగు

మావారు పనిచేసే మ్యూజియంలో పురుగుల కుటుంబానికో గది, ఉపకుటుంబానికో బీరువా, ప్రజాతికో సొరుగు ఇస్తారు. మనుషుల హోదా కూడా దాన్నిబట్టే. గది ఉన్నవాడు అధిపతి, బీరువా ఉన్నవాడు సహాయకుడు. మావారి దగ్గరున్నది ఒకే ఒక్క జాతి పెంకుపురుగు. అది ఎందులోనూ ఇమడటం లేదని పూర్వం ఎవరో పెద్దాయన దానికి విడిగా ఒక కుటుంబం రాసిపెట్టాడు. ఆ పుణ్యాన మావారు అధిపతి అయ్యారు.

పక్కగది అధిపతి మా చెల్లెలి మొగుడు. ఆయన కింద వందల జాతులు.

ఈమధ్య ప్రయోగశాల నుంచి రిపోర్టు వచ్చింది. మావారి పురుగు ఆ పక్కగది కుటుంబంలో ఒక కొమ్మేనట. అంటే గది పోతుంది, తోడల్లుడి కింద పనిచేయాలి. మావారికి ముద్ద దిగడం మానేసింది.

ఆదివారం చెల్లెలూ మరిదీ వచ్చారు.

"అన్నయ్యా, ఆ రిపోర్టు నేను రాయలేదు కదా," అన్నాడు మరిది.

"రాయించలేదని ఒట్టెయ్యి."

"పురుగుల చుట్టరికం నేనెలా రాయిస్తాను?"

"నా పురుగు కాళ్ళకి వెంట్రుకలున్నాయి. నీవాటికి లేవు."

"మా ఆయనకి వీపు నిండా వెంట్రుకలే బావగారూ," అంది చెల్లెలు. "అయినా మా అత్తగారు వేరే కుటుంబమని గెంటెయ్యలేదు."

నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను. మావారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మీటింగులో ఆయన వెంట్రుకల మీద చాలాసేపు మాట్లాడారట. డైరెక్టరు ఓపిగ్గా అంతా విని, "బీరువా ఎప్పుడు జరుపుతారు?" అని అడిగాడట. ఖాళీ అయిన గది సీతాకోకచిలుకలకిచ్చారు. మరిది మర్యాదకొద్దీ తన గది మధ్యలో చెక్క అడ్డం పెట్టించి, ఇవతలి భాగం మావారికి వదిలాడు. పంకా మాత్రం అవతలే తిరుగుతోంది.

నేను క్యారేజీ పట్టుకెళ్ళేసరికి మావారు భూతద్దంతో మరిది పురుగుల్ని చూస్తున్నారు.

"మీవి వదిలేసి అవెందుకండీ?"

"ఇవన్నీ ఇంకో కుటుంబంలో కలిసిపోయేలా ఉన్నాయే," అన్నారు గుసగుసగా. "వాడికీ బీరువాయే మిగలాలి."

"వినిపిస్తోంది అన్నయ్యా," అంది చెక్క అవతలి గొంతు.

"విననీ. చెక్క పల్చగా పెట్టించింది నువ్వే."

తరవాత మరిది చెక్క మీద మెల్లగా తట్టాడు.

"నీ పనయ్యాక ఆ భూతద్దం ఇటివ్వు. మేడమీది గదివాళ్ళ పురుగులు మనలో కలుస్తాయేమో చూడాలి."