రేకు డబ్బా పెట్టిన పొయ్యి

పెళ్లయిన దగ్గర్నుంచీ లియోటా టటిల్ కాపురం గాడిద మీదే సాగింది. మొగుడు ఓరిన్ బంగారం వెతికే మనిషి. నెవాడా ఎడారిలో ఏ కొండ మెరిసినట్టు కనిపిస్తే ఆ కొండ కిందికి గుడారం మార్చేవాడు. రెండు మేకులు పాతి, ఆ చోటికో పేరు పెట్టి, "చూస్తూ ఉండు లియో, ఇక్కడ పెద్ద పట్నం లేస్తుంది" అనేవాడు. పట్నం లేచేది కాదు గానీ, నాలుగు నెలలు తిరక్కుండా గుడారం మాత్రం లేచేది. గాడిద మోయలేనిది ఏదీ ఆ ఇంట్లో నిలిచేది కాదు. ఆమె కుట్టుమిషను ఒక లోయలో ఉండిపోయింది. పుట్టింటివాళ్లు ఇచ్చిన గోడగడియారం ఇంకో లోయలో.

అందుకే చేదు ఊట అనే నీటిబుగ్గ దగ్గర గుడారం వేసినప్పుడు, లియోటా గాడిద ఎత్తలేని వస్తువు కావాలనే ఒకటి కట్టింది. రొట్టెల పొయ్యి. ఇంత బరువైన పొయ్యి వదిలేసి మనిషి ఎక్కడికి పోతాడో చూద్దామని ఆమె పంతం.

రాళ్లకు కొదవలేదు. వాళ్ల గాడిద పేరు సెనేటర్. పని చెప్తే అరవడం తప్ప ఇంకేం చెయ్యదని ఓరిన్ ఆ పేరు పెట్టాడు. దాని వీపుకి ఒక పక్క నీళ్ల పీపా, ఇంకో పక్క తిండి సంచి వేలాడేవి. తినేకొద్దీ సంచి తేలికై జీను ఒక పక్కకి ఒరిగిపోయేది. అప్పుడు ఓరిన్ చేతికందిన రాళ్లు సంచిలో పడేసి బరువు సరిచేసేవాడు. ఇంటికొచ్చాక గుడారం వెనక దొర్లించేవాడు. లియోటా వాటిని మట్టితో పేర్చి గుండ్రటి పొయ్యి కట్టింది. మొదటి వాయి రొట్టెలు తీసిన రోజు ఆమె పొయ్యిని చూసుకున్నంత మురిపెంగా మొగుణ్ణి ఎన్నడూ చూసుకోలేదు.

దారినపోయే యోస్ట్ అనే ముసలాయన రొట్టె కోసం ఆగాడు. ఆయనదీ బంగారం వెతుకులాటే. రొట్టె కాలేలోగా తోచక, పొగపైపును పొయ్యికేసి కొట్టి దులిపాడు. చిన్న పెచ్చు ఊడింది. దాన్ని నాకి, ఎండకేసి పట్టాడు.

"అమ్మా, ఈ రాయి ఎక్కడిది?"

"నా పొయ్యిది. ఇంకోసారి పైపు దానికేసి కొట్టావంటే నీ నెత్తిన దులుపుతా."

"ఇందులో బంగారం ఉందమ్మా!"

"ఉంటే ఉండనీ. రొట్టె అడుగు మాడకుండా ఉంటే చాలు."

కబురు పాకిపోయింది. వారం తిరిగేసరికి చేదు ఊట చుట్టూ గుడారాలే. ఓరిన్‌కి పట్టపగ్గాలు లేవు. తాడు పట్టి మెయిన్ వీధి, బ్యాంకు వీధి, సంగీతశాల వీధి గీశాడు. బ్యాంకు లేదు. సంగీతమంటే ఆ ఊళ్లో సెనేటర్ ఒక్కడిదే. 'టటిల్ నగరం' అని పలక కట్టాడు. అందరూ కలిసి అతన్నే అధ్యక్షుణ్ణి చేశారు.

చిక్కల్లా ఒక్కటే. గని ఎక్కడ? ఆ రాళ్లు ఏ కొండ దగ్గర సంచిలో వేశాడో ఓరిన్‌కి గుర్తులేదు. ఎవరడిగినా చెయ్యి గాల్లో తిప్పి "అటు" అనేవాడు. ఆ 'అటు'లో సగం నెవాడా పట్టేది.

చివరికి ఒక సాయంత్రం పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"లియో, ఒక్క గోడ ఇవ్వవే. పగలగొట్టి అమ్ముకుందాం."

"గోడ లేని పొయ్యిలో రొట్టె ఎలా కాలుతుంది, మిస్టర్ టటిల్?" కోపం వస్తే ఆమె మొగుణ్ణి అలా ఇంటిపేరుతో పిలిచి, మర్యాద పెంచేస్తుంది.

"నీకు ఇనప పొయ్యి కొనిపెడతా. కాళ్లున్నది."

"కాళ్లున్న పొయ్యి నాకొద్దు. మీ వెనకాల నడిచొచ్చేస్తుంది."

"రేపు పొద్దున్నే మనుషుల్ని తెస్తా. ఈ ఊరు పెట్టింది నేను!"

"ఊళ్లు పెట్టేవాళ్లు రాత్రికి అన్నం ఎక్కడ తింటారో మరి," అని లియోటా గుడారం తెర దించేసింది.

తెల్లారి గునపాలతో వచ్చినవాళ్లు పొయ్యికి పది అడుగుల దూరంలోనే ఆగిపోయారు. పొయ్యి నెత్తిన చిన్న రాళ్లకుప్ప, దాని మీద వంటసోడా రేకు డబ్బా ఉన్నాయి. రాళ్లకుప్ప మీద డబ్బా, డబ్బాలో కాగితం ఉందంటే ఆ నేల మీద ఎవరో హక్కు వేశారని అర్థం. ఆ ఎడారిలో మనుషులు పక్కవాడి నీళ్లు తాగేస్తారు, గాడిదను తోలుకుపోతారు గానీ డబ్బా మీద మాత్రం చెయ్యి వెయ్యరు.

యోస్ట్ టోపీ తీసి, కాగితం విప్పి చదివాడు. "లియోటా టటిల్ అను నేను, ఈ పొయ్యి నడుమగా, చట్టం ఒప్పుకున్నంత మేర నేల మీద హక్కు వేస్తున్నాను. సాక్షి, సెనేటర్." కింద మసితో డెక్క ముద్ర.

"గాడిద సాక్ష్యం చెల్లదు!" అన్నాడు ఓరిన్.

"అసలు సాక్షే అక్కర్లేదు. ముద్ర అందానికి వేయించింది," అన్నాడు యోస్ట్.

అప్పటికప్పుడే పంచాయితీ కూడింది. అధ్యక్షుడు బాల్చీ బోర్లించుకుని కూర్చున్నాడు.

"హక్కు నిలవాలంటే ఆ నేల మీద పని చెయ్యాలి. అది చట్టం," అన్నాడు ఓరిన్.

"నువ్వు ముసుగుతన్ని గురకపెట్టే వేళకే ఆవిడ పిండి పిసుకుతోంది," అన్నాడు యోస్ట్.

"నేలలోంచి సరుకు తియ్యాలి!"

"రోజూ తీస్తోంది, మేం తింటున్నాం. ఇన్ని హక్కుల్లో సరుకు దిగింది అదొక్కటే కదయ్యా!"

అందరూ గొల్లుమన్నారు. వెనకనుంచి ఎవరో, "ఇవాళ ఆవిడ డబ్బా దించితే రేపు నా డబ్బా దించుతారు," అన్నాడు. దాంతో నవ్వులు ఆగిపోయాయి. చుట్టూ కొండల మీద వాళ్లందరివీ డబ్బాలున్నాయి. వాటి కింద ఏమీ లేకపోయినా, డబ్బాలైతే ఉన్నాయి. ఒక్కొక్కటే చేతులు లేచాయి.

ఓరిన్ గొంతు సవరించుకున్నాడు. "హక్కు లియోటా టటిల్‌దే," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"అయితే కొలవండి," అంది లియోటా.

వీధులు గీసిన తాడుతోనే యోస్ట్ కొలిచాడు. చట్టం చాలా ఉదారంగా ఉంది. తాడు మెయిన్ వీధి దాటింది, బ్యాంకు వీధి దాటింది, సంగీతశాల వీధిని మింగేసి, ఊరి పేరు రాసిన పలక అవతల ఆగింది.

"లేవండి మిస్టర్ టటిల్," అంది లియోటా. "నా నేల మీద కూర్చున్నారు."

ఓరిన్ లేచాడు. బాల్చీ చేత్తో పట్టుకుని ఎటు జరగాలో తెలియక అక్కడే నిలబడ్డాడు. ఎటు జరిగినా అది ఆమె నేలే.

"వీధులు ఉండనివ్వవా?" అన్నాడు మెల్లగా.

"ఉంటాయి. మెయిన్ వీధి మాత్రం నా పొయ్యి చుట్టూ తిరిగి పోవాలి. ఇంకో మాట. ఈ గుడారం మేకులు ఇక ఎవ్వరూ పీకరు."

"నేను వెతకడానికి వెళ్లొద్దా?"

"నిక్షేపంగా వెళ్లండి. గుడారం రాదు."

ఇప్పటికీ ఆ వీధి పొయ్యి దగ్గరికి రాగానే వంకర తిరుగుతుంది. గని దొరకలేదు. సగం మంది వెళ్లిపోయారు, సగం మంది రొట్టెకు అలవాటుపడి ఉండిపోయారు. ఓరిన్ సెనేటర్‌ని తోలుకుని వెళ్తూనే ఉన్నాడు, వస్తూనే ఉన్నాడు. ఇప్పుడు మాత్రం ప్రతి రాయీ ఎక్కడిదో గుర్తుపెట్టుకుంటున్నాడు.

"ఇది నల్లకొండది. ఇది ఉప్పుచెరువు గట్టుది," అంటూ ఆమె ముందు పేర్చాడు ఒకసారి.

లియోటా ఒక్కో రాయినీ తట్టి, నాకి, పక్కన పెట్టింది.

"బంగారం లేదా?"

"లేదు. రెండో పొయ్యికి సరిగ్గా సరిపోతాయి," అంది. "చేతులు కడుక్కుని రా. నీకోసం వేడి రొట్టె దాచాను."